చిన్న యాక్సిడెంట్ తర్వాత పిల్లల కారు సీటు: అదే వాడాలా, మార్చాలా?

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఈ ప్రశ్న రాదు. కారుతోపాటు అందులోని చైల్డ్ సీటునూ వదులుకోవలసిందేనని ఎవరికైనా తెలుస్తుంది. తికమకంతా చిన్న ప్రమాదాల దగ్గరే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి మరో కారు తాకుతుంది, లేదా దుకాణం పార్కింగులో రివర్స్ తీస్తున్న బండి వచ్చి తగులుతుంది. బంపరు సొట్టపడుతుంది, లోపలి పిల్లవాడు ఏడవను కూడా ఏడవడు, సీటు మీద చిన్న గీత కూడా కనిపించదు. 300 డాలర్లు పెట్టి కొన్న సీటును ఈమాత్రానికే పారేయాలా అని తల్లిదండ్రులు ఆలోచిస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో ఇంట్లో ఉంటే, నిక్షేపంలా ఉన్న వస్తువును పారేయడమేమిటని వాళ్ళూ అంటారు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని, అక్కడి నియమాల ప్రకారం ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో వివరిస్తాను. ఇండియాలో కారు నడిపేవారికి వర్తించే మాటలు చివర్లో ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నిర్ణయం సీటును చూసి తీసుకునేది కాదు, సీటుతో వచ్చిన మాన్యువల్‌ను చూసి తీసుకునేది. మాన్యువల్ మార్చమంటే మార్చాలి, అక్కడితో చర్చ ముగిసినట్టే. చిన్న ప్రమాదం తర్వాత వాడుకోవచ్చని మాన్యువల్ చెబితే, ఆ ప్రమాదం నిజంగా చిన్నదేనా అని నిజాయితీగా తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే మార్చడమే మేలు.

మాన్యువల్‌లో ఏముంటుంది

తయారీ కంపెనీలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్ని కంపెనీలు ఎంత చిన్న ప్రమాదమైనా, ఆ సమయంలో సీటులో బిడ్డ లేకపోయినా, సీటును ఇక వాడవద్దని రాస్తాయి. మరికొన్ని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ పెట్టిన కొలతను అనుసరిస్తాయి, అంటే మధ్యస్థ ప్రమాదానికీ తీవ్ర ప్రమాదానికీ మార్చమంటాయి, చిన్న ప్రమాదమైతే వాడుకోవచ్చంటాయి. ఒకే కంపెనీ విధానం కూడా కాలక్రమంలో మారుతుంది కాబట్టి స్నేహితుల సీటుకు వర్తించిన నియమం మీ సీటుకు వర్తిస్తుందని అనుకోకూడదు. మాన్యువల్ పోగొట్టుకున్నవారు కంగారు పడనక్కరలేదు. సీటు వెనుకో అడుగునో అతికించిన లేబుల్ మీద మోడల్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి. ఆ రెండూ చేత పట్టుకుని కంపెనీ వెబ్‌సైటులో మాన్యువల్ దించుకోవచ్చు, లేదా వాళ్ళ కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేసి అడగవచ్చు. అడిగినప్పుడు జవాబును ఈమెయిల్‌లో కూడా పంపమనండి, బీమా కంపెనీతో మాట్లాడేటప్పుడు అది అక్కరకు వస్తుంది.

ఆ లేబుల్ చూస్తున్నప్పుడే గడువు తేదీ కూడా చూడండి. చాలా సీట్లకు తయారైన నాటి నుంచి 6 నుంచి 10 ఏళ్ళ గడువు ఉంటుంది. గడువు దాటిన సీటు గురించి ప్రమాదం చిన్నదా పెద్దదా అని తర్కించడం అనవసరం.

ఎన్‌హెచ్‌టీఎస్ఏ దృష్టిలో చిన్న ప్రమాదం

ఆ సంస్థ నిర్వచనంలో ఐదు షరతులు ఉన్నాయి. ప్రమాదం జరిగిన చోటు నుంచి కారును నడుపుకుంటూ వెళ్ళగలిగి ఉండాలి. చైల్డ్ సీటుకు దగ్గరగా ఉన్న తలుపు దెబ్బతిని ఉండకూడదు. కారులో ఉన్న ఎవరికీ గాయం కాకూడదు. కారులో ఎయిర్‌బ్యాగులు ఉంటే అవి తెరుచుకుని ఉండకూడదు. సీటు మీద కంటికి కనిపించే నష్టం ఏదీ ఉండకూడదు. ఈ ఐదూ నెరవేరితేనే అది చిన్న ప్రమాదం. ఒక్కటి తప్పినా అది కనీసం మధ్యస్థ ప్రమాదం కిందికి వస్తుంది, సీటు మార్చవలసిందే. ఐదింటిలో నాలుగు సరిపోయాయి కదా అనే లెక్క ఇక్కడ చెల్లదు.

చదవడానికి సులువుగానే ఉన్నా, ఈ షరతుల్లో రెండింటిని జనం తెలియకుండానే తేలికగా తీసుకుంటారు. మొదటిది తలుపు షరతు. దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగితే బంపరు చూపిస్తారు, కానీ షరతు అడుగుతున్నది బంపరు గురించి కాదు. పక్క నుంచి వచ్చిన దెబ్బలో సీటుకూ ఢీకొన్న కారుకూ మధ్య ఉండేది ఆ ఒక్క తలుపే, అందుకే దాని స్థితిని విడిగా అడిగారు. ఆ తలుపు మీద సొట్ట చిన్నదే కదా, తలుపు తెరుచుకుంటోంది కదా అనే సర్దుబాటుకు ఆ వాక్యంలో చోటు లేదు.

రెండవది గాయాల షరతు. ఇది నాకు మిగతా నాలుగింటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ప్రమాదం జరిగిన గంటలో అందరూ బాగానే ఉన్నామంటారు. మెడ నొప్పి మర్నాడు పొద్దున నిద్ర లేచేటప్పుడు బయటపడుతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. వెనక నుంచి తగిలిన దెబ్బల్లో ఇది మామూలే. మాటలు రాని బిడ్డ ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పలేడు కూడా. అందుచేత ప్రమాదం జరిగిన సాయంత్రమే ఎవరికీ ఏమీ కాలేదని తేల్చేసి సీటును నిర్దోషిగా ప్రకటించడం తొందరపాటు అవుతుంది. పక్క సీటులో కూర్చున్న పెద్దవారు మర్నాడు మెడ పట్టేసిందని డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఎవరికీ గాయం కాలేదన్న షరతు తప్పినట్టే, బిడ్డకు ఏమీ కాకపోయినా సరే.

ఆ సంస్థ చిన్న ప్రమాదాలకు మినహాయింపు ఇవ్వడం వెనుక రెండు కారణాలు ఉన్నాయి. చిన్న తాకిడిని తట్టుకున్న సీట్లు ఆ తర్వాత కూడా రక్షణలో తగ్గడం లేదని పరీక్షల్లో తేలింది. పైగా ప్రతి చిన్న తాకిడికీ సీటు పారేయమంటే, కొత్తది కొనేదాకా కొంతమంది పిల్లలు అసలు సీటే లేకుండా ప్రయాణం చేస్తారు. అది వాడిన సీటులో కూర్చోబెట్టడంకన్నా చాలా ప్రమాదకరం. కాబట్టి మాన్యువల్ ఒప్పుకుని, ఐదు షరతులూ నిజంగా నెరవేరినప్పుడు పాత సీటునే కొనసాగించే తల్లిదండ్రులు బిడ్డ విషయంలో అశ్రద్ధ చేస్తున్నట్టు కాదు. వాళ్ళను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

కంటికి కనిపించేది, కనిపించనిది

చైల్డ్ సీటు దెబ్బను తనలోకి తీసుకోవడానికే తయారైన వస్తువు. గుడ్డ కవరు కింద ఉండే గట్టి థర్మాకోల్ నలిగి ఆ శక్తిని ఖర్చు చేస్తుంది, ప్లాస్టిక్ గుల్ల కొంచెం వంగుతుంది, పట్టీలు సాగుతాయి. కొన్ని మోడళ్ళలో పట్టీల కుట్లు బలమైన లాగుడుకు కావాలనే తెగేలా వేసి ఉంటాయి. మోటారు సైకిల్ హెల్మెట్ ఒకసారి గట్టిగా నేలకు కొట్టుకుంటే పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ మళ్ళీ లేవదు, దీని సంగతీ అంతే. అందుకే సీటు కొత్తదానిలా ఉందన్న మాట ఒక్కటే ఆధారం కాదు.

అయినా పరీక్షించి చూడాలి, ఎందుకంటే ఐదవ షరతు అదే. కవరు తీయకుండా చేసే పరీక్ష పరీక్ష కాదు. సీటును కారులోంచి దించి, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో గుడ్డ కవరు విప్పి, మంచి వెలుతురులో పెట్టండి. కారు సీటు బెల్టు సీటు గుండా దూరే దారి అంచులను ముందు చూడండి, లాగుడు అంతా అక్కడే పడుతుంది. ముదురు రంగు ప్లాస్టిక్ మీద సన్నని తెల్లని చారలు కనిపిస్తే ఆ చోట ప్లాస్టిక్ సాగి బలహీనపడిందని అర్థం. చేతికి తగలకపోయినా పక్క నుంచి టార్చి వెలుగు వేస్తే అవి కనబడతాయి. తలకు ఇరువైపులా ఉండే థర్మాకోల్‌లో పగులు, నొక్కుడు ఉన్నాయేమో వేలితో తడమండి. పట్టీలను తిరగేసి రెండు వైపులా చూడండి. పోగులు లేచినా, కుట్టు విడినా, ఒకచోట మెరుపు తేలినట్టు నున్నగా అయినా అది కనిపించే నష్టమే. కారు లోపలి లోహపు కొక్కేలకు తగిలించే క్లిప్పులు వంగాయేమో, సీటు వీపు నుంచి కారు వెనుక భాగానికి కట్టే పై పట్టీ కుట్లు బాగున్నాయో చూడండి. బకిల్‌ను చాలాసార్లు పెట్టి తీసి చూడండి. ఇవన్నీ సరిగా ఉంటే నాలుగు షరతులకు ఐదవది తోడైందని మాత్రమే అర్థం, మాన్యువల్ చెప్పిన మాటను ఈ పరీక్ష రద్దు చేయదు.

సర్టిఫికెట్ ఉన్న చైల్డ్ సీటు టెక్నీషియన్‌లు చాలా ఊళ్ళలో ఉంటారు. అగ్నిమాపక కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో ఉచితంగా చూసిపెట్టేవారూ ఉన్నారు. షరతులను సరిగా అన్వయించడానికీ, సీటును మళ్ళీ బిగించడానికీ వారి సాయం విలువైనది. అయితే గుల్ల లోపల ఏం జరిగిందో చూసే పరికరం వారి దగ్గర ఉండదు, కాబట్టి ఈ సీటు భద్రమేనని హామీ ఇవ్వమని వారిని ఒత్తిడి చేయకూడదు.

ఈ హడావిడిలో కారును మరచిపోతారు. బిడ్డ సీటును పట్టి ఉంచేది కారు సీటు బెల్టు, లేదా కారులోని కొక్కేలు. వాటికి దెబ్బ తగిలితే కొత్త చైల్డ్ సీటు కొని ప్రయోజనం లేదు. మరమ్మతు చేసే చోట వెనుక వరుస బెల్టులనూ కొక్కేలనూ కూడా చూడమని చెప్పి, చూశామని బిల్లులో రాయించుకోండి.

దారులను పక్కపక్కన పెడితే

పాత సీటునే వాడటం ఒక దారి. ఖర్చు లేదు, బిడ్డకు అలవాటైన సీటు. మాన్యువల్ ఒప్పుకోవడం, ఐదు షరతులూ నెరవేరడం అనే రెండు మెట్లూ దాటినప్పుడే ఇది సరైన దారి అవుతుంది. మాన్యువల్ ఒప్పుకున్నా మనసు ఒప్పుకోని వారికి ఇది మంచిది కాదని కూడా అంటాను, ప్రతి ప్రయాణంలోనూ ఆ అనుమానాన్ని మోయడంకన్నా కొత్త సీటు ధర తక్కువ.

బీమా ద్వారా కొత్తది తీసుకోవడం రెండవ దారి. మాన్యువల్ మార్చమన్నప్పుడు అందరూ ముందుగా ప్రయత్నించవలసింది ఇదే. చాలామంది ఇది తమ జేబు ఖర్చనే అనుకుని అడగరు.

సొంత డబ్బుతో కొనడం మూడవ దారి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలియాలి. అమెరికాలో అమ్మే ప్రతి చైల్డ్ సీటూ ఎఫ్ఎంవీఎస్ఎస్ 213 అనే ఒకే సమాఖ్య ప్రమాణానికి లోబడి ఉండాలి, దాని ముందువైపు ఢీకొట్టే పరీక్ష సుమారు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. 400 డాలర్ల సీటూ, 100 డాలర్లలోపు దొరికే సీటూ ఆ ప్రమాణాన్ని అందుకోవలసిందే. ఎక్కువ ధరలో మెత్తదనం, బిగించే సౌలభ్యం, ఎక్కువ ఏళ్ళు వాడుకునే వీలు ఉంటాయి. కాబట్టి మాన్యువల్ మార్చమన్నాక, ఖరీదైన సీటు కదా అని దాన్నే పట్టుకుని ఉండటంకన్నా, బిడ్డ ఎత్తుకూ బరువుకూ మీ కారుకూ సరిపోయే చవక సీటు కొత్తది కొనడం మేలు. బీమా డబ్బు వచ్చేదాకా నడిపించడానికి కూడా ఇదే దారి, రసీదు జాగ్రత్త చేస్తే చాలు.

నాలుగవ దారిని నేను సిఫారసు చేయను. మన వాళ్ళలో ఒకరి పిల్లలకు చిన్నదైపోయిన సీటును మరొకరికి ఇచ్చుకునే మంచి అలవాటు ఉంది. అన్నయ్య ఇంటి నుంచో, అపార్ట్‌మెంటులో పక్కింటి వారి నుంచో వచ్చిన సీటు చరిత్ర మీకు పూర్తిగా తెలిసి, గడువు మిగిలి ఉండి, మాన్యువల్ చేతిలో ఉంటే సరే. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఉచితంగా ఇస్తామన్న సీటు, లేదా పాత వస్తువుల అమ్మకంలో దొరికిన సీటు ఏ ప్రమాదం చూసిందో మీకు తెలియదు. ప్రమాదానికి గురైన సీటును తప్పించుకోబోయి మరో ప్రమాదానికి గురైన సీటును తెచ్చుకునే అవకాశం అక్కడ ఉంది.

బూస్టర్ల సంగతి, అంటే కారు బెల్టు సరిగా పడేలా కాస్త పెద్ద పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే సీట్ల సంగతి, అడిగేవారికి ఒక్క మాట. ఎన్‌హెచ్‌టీఎస్ఏ షరతులు బూస్టరుకూ వర్తిస్తాయి. వీపు లేని బూస్టరు చాలా చవక కాబట్టి దాని గురించి ఎక్కువ ఆలోచించకుండా మార్చేయడమే తెలివైన పని.

బీమా కంపెనీతో మాట్లాడేటప్పుడు

తప్పు అవతలి వారిదైతే, మీ కారు మరమ్మతుకు డబ్బు ఇచ్చే వారి బీమా కంపెనీనే సీటు ధర కూడా అడగాలి. తప్పు మీదైతే, లేదా ఎవరిదో తేలకపోతే, మీ పాలసీలో కొలిజన్ కవరేజి (ఢీకొన్నప్పుడు మీ సొంత కారుకు జరిగిన నష్టానికి ఇచ్చే బీమా) ఉంటే దాని కింద అడగవచ్చు. ఇక్కడ డిడక్టిబుల్ లెక్క, అంటే క్లెయిములో ముందుగా మీ జేబులోంచి పెట్టుకోవలసిన మొత్తం లెక్క, చూసుకోవాలి. డిడక్టిబుల్ 500 డాలర్లు, సీటు 250 డాలర్లు అయితే సీటు ఒక్కదాని కోసం క్లెయిము వేయడంలో అర్థం లేదు, కానీ కారు కోసం ఎలాగూ వేస్తున్న క్లెయిములో సీటును చేర్చకపోవడం చేజేతులా నష్టపోవడమే. కొన్ని కంపెనీలు చైల్డ్ సీటు విషయంలో డిడక్టిబుల్ కోయవు, అడిగి చూడండి.

కొన్ని రాష్ట్రాల్లో చట్టమే మీ పక్షాన ఉంది. కాలిఫోర్నియా బీమా చట్టం ప్రకారం, ప్రమాద సమయంలో బిడ్డ కూర్చుని ఉన్న సీటుకు బదులు కొత్తది ఇవ్వడం, లేదా దాని ధర చెల్లించడం బీమా కంపెనీ బాధ్యత. అంతేకాదు, క్లెయిము వచ్చినప్పుడు కారులో చైల్డ్ సీటు ఉందా అని కంపెనీయే అడగాలి. ఇల్లినాయ్‌లో కూడా ప్రమాద సమయంలో బిడ్డ వాడుతున్న సీటు మార్పిడిని పాలసీలో చేర్చాలని చట్టం ఉంది. మిగతా రాష్ట్రాల్లో ఉన్నవారు కూడా అడగడానికి వెనుకాడవద్దు.

అడ్జస్టరుతో, అంటే మీ క్లెయిమును పరిశీలించే బీమా కంపెనీ మనిషితో, ఫోన్‌లో మాట్లాడాక అవే విషయాలను ఈమెయిల్‌లో పెట్టండి. ప్రమాదం జరిగిన తేదీ, క్లెయిము నంబరు, సీటు మోడలు, తయారీ తేదీ కనిపించే లేబుల్ ఫోటో, కారులో బిగించి ఉన్న సీటు ఫోటో, ప్రమాదం తర్వాత మార్చమని చెప్పే మాన్యువల్ పేజీ, అదే స్థాయి కొత్త సీటు ధర చూపే రసీదు ఉండాలి. ఈ కాగితాల్లో ఎక్కువ పని చేసేది ఆ మాన్యువల్ పేజీ. సీటు బాగానే ఉంది కదా అని అడ్జస్టరు అంటే, మీ అభిప్రాయమూ ఆయన అభిప్రాయమూ పక్కన పెట్టి, తయారు చేసిన వారు ఏం రాశారో చూపించవచ్చు. బిడ్డ లేని సీటు విషయంలో కంపెనీ కొంత గునుస్తుంది. సీటు ఖాళీగా ఉన్నా మార్చాలని మాన్యువల్‌లో ఉంటే ఆ వాక్యం కింద గీత గీసి పంపండి. కారును టో చేసి తీసుకువెళ్తుంటే సీటును అందులోనే వదిలేయకుండా ఫోటోలు తీసుకుని ఇంటికి తెచ్చుకోండి. క్లెయిము ముగిసేదాకా పారేయవద్దు.

ఇండియాలో ఉన్నవారికి

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను సీటు బెల్టుతో గానీ చైల్డ్ సీటుతో గానీ భద్రపరచకపోతే 1,000 రూపాయల జరిమానా. హైదరాబాదులోనూ విజయవాడలోనూ చైల్డ్ సీట్లు కొనేవారు ఇప్పుడు కనిపిస్తున్నారు గానీ, ప్రమాదం తర్వాత ఏం చేయాలన్న సంగతి అమ్మేవారు చెప్పరు. ఇక్కడ దొరికే సీట్లలో చాలావాటి మీద ఈసీఈ ఆర్44 లేదా ఆర్129 అనే యూరపు గుర్తు ఉంటుంది. ప్రమాదంలో తీవ్రమైన ఒత్తిడికి గురైన సీటును మార్చాలని మాన్యువల్‌లో రాయడం ఆర్44 ప్రమాణంలోనే ఉంది. అమెరికాలోని ఐదు షరతులను వివేకంతో వాడుకోవడానికి ఇక్కడ అడ్డేమీ లేదు, కానీ మాన్యువల్ అంతకన్నా కఠినంగా ఉంటే దాన్నే పాటించాలి. బీమా విషయంలో, మీ ఓన్ డ్యామేజి (సొంత కారు నష్టానికి తీసుకునే) పాలసీలో విడిగా కొన్న చైల్డ్ సీటు వస్తుందో రాదో పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. ప్రమాదం జరిగాక అడిగితే ఆలస్యమవుతుంది.

మార్చాలని తేలాక

పాత సీటును అలాగే చెత్త దగ్గర పెడితే ఎవరో బాగుందనుకుని తీసుకుపోయి తమ బిడ్డను కూర్చోబెడతారు. బీమా వ్యవహారం పూర్తయ్యాక పట్టీలను మధ్యలో కత్తిరించండి, కవరు తీసేయండి, గుల్ల మీద మార్కరుతో ప్రమాదంలో పడింది, వాడవద్దు అని పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో రాయండి. కొన్ని బీమా కంపెనీలు ఇలా కత్తిరించిన సీటు ఫోటోనే రుజువుగా అడుగుతాయి. అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో ఏటా కొన్ని రోజులపాటు జరిగే చైల్డ్ సీటు మార్పిడి కార్యక్రమంలో దెబ్బతిన్న సీట్లనూ గడువు దాటిన సీట్లనూ తీసుకుని కొత్త సీటు మీద తగ్గింపు కూపన్ ఇస్తారు. తేదీలు చూసుకుని వెళ్తే పాతది రీసైక్లింగుకు పోతుంది, కొత్తదానికి కొంత కలిసివస్తుంది.

కొత్త సీటు పెట్టెలో ఒక రిజిస్ట్రేషన్ కార్డు ఉంటుంది. చాలామంది దాన్ని అట్టపెట్టెతో పాటే పారేస్తారు. దాన్ని నింపి పంపితేనో, కంపెనీ వెబ్‌సైటులో నమోదు చేసుకుంటేనో, ఆ మోడల్‌లో లోపం బయటపడి వెనక్కి పిలిచినప్పుడు మీకు నేరుగా కబురు వస్తుంది. మాన్యువల్‌ను సీటుకే ఉన్న అరలో దోపి, ప్రమాదం తర్వాత ఏం చేయాలో చెప్పే పేజీని ఆ రోజే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.